‘మిగిలిన మూడూ గెలిస్తే చాలు’ అంటున్న లెక్కల మాస్టార్లకు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మన టీమ్ ఆట అయిందో లేదో ఫ్యాన్స్ గ్రూపులో లెక్కలు మొదలు. “పర్లేదు బ్రో, మిగిలిన మూడూ గెలిస్తే మార్చి టోర్నీలో ఉన్నట్టే.” ఏం ఉండటం బాబూ? అది కాలేజీల జాతీయ టోర్నీ, కప్పు లేనివాళ్లకు సీటిచ్చేది సెలక్షన్ కమిటీ. సొంత కోర్టులో, నెట్ ర్యాంకుల్లో (కమిటీ చూసే టీముల ర్యాంకింగ్) 160 దాటిన టీమ్ చేతిలో ఓడారు. ప్రత్యర్థి ర్యాంకు, ఆడిన చోటు బట్టి ఆటల్ని నాలుగు క్వాడ్‌లుగా విడగొడతారు, 1 అన్నిటికన్నా కష్టం, 4 తేలిక. అంటే ఇది క్వాడ్ 4 ఓటమి. ఆ మచ్చ టీమ్ షీట్ (కమిటీ ముందుండే ఫలితాల చిట్టా) మీద నుంచి పోదు.

అదీ ఎలా ఓడారని? నిమిషం మిగిలింది, నాలుగు పాయింట్లు ముందున్నాం. వాళ్లు కావాలనే ఫౌల్ చేస్తున్నారు. సగం ఆటలో ఏడో ఫౌల్ నుంచి తొమ్మిదో దాకా వన్ అండ్ వన్, మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది. మనవాళ్లు ఆ మొదటిదే రెండుసార్లు పారేశారు. నాలుగు పాయింట్లూ పాయె, బంతీ పాయె. ఫ్రీ త్రోలు బాగా వేసేవాడేమో బెంచీ మీద!

“బయటి కోర్టులో కొట్టిన క్వాడ్ 1 గెలుపు ఉందిగా” అట. ఉంది, ఒకే ఒక్కటి. నవంబరులో గట్టివాళ్లతో ఆడకుండా, చిన్న కాలేజీలకు డబ్బిచ్చి పిలిపించుకుని 40 పాయింట్ల తేడాతో బాదారు. వంద పొసెషన్లకు (బంతి చేతికొచ్చిన దఫాలకు) పాయింట్ల తేడా కూడా నెట్‌లో లెక్కే కాబట్టి ర్యాంకు నిగనిగలాడింది.

అయినా ర్యాంకు ఎవడిక్కావాలి? 2024లో ఇండియానా స్టేట్ అనే చిన్న టీమ్ 28 ఆటలు గెలిచి, నెట్‌లో 30లోపు ఉండి కూడా టోర్నీ బయటే ఉంది. పెద్ద టీములు చిన్నవాళ్ల జిమ్‌కి ఆడటానికి రావు, పైగా ‘మీకు క్వాడ్ 1 గెలుపులు చాలవు’ అంటారు. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

2025 మర్చిపోయారా? క్వాడ్ 1లో 13 ఆడి ఒక్కటే గెలిచిన నార్త్ కరోలినా లోపల, ఆరు గెలిచిన వెస్ట్ వర్జీనియా బయట. అప్పటి కమిటీ చైర్మన్ నార్త్ కరోలినా అథ్లెటిక్ డైరెక్టరే (ఆ కాలేజీ క్రీడా విభాగం అధిపతి). ఆ టీమ్ మీద చర్చలో ఆయన ఉండకూడదని రూలుందట. అబ్బో, ఎంత నిష్ఠో! వెస్ట్ వర్జీనియా గవర్నర్ ప్రెస్ మీట్ పెట్టినా ఒరిగిందేం లేదు.

ఇక మిగిలింది కాన్ఫరెన్స్ (మన లీగ్) టోర్నీ. ఆ కప్పు కొడితే మార్చి టోర్నీలో నేరుగా బెర్త్. “2024లో ఎన్‌సీ స్టేట్ తన కాన్ఫరెన్స్ టోర్నీలో ఐదు రోజుల్లో ఐదు గెలిచి, మార్చి టోర్నీలో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు టీములు) దాకా పోలేదా?” అని కామెంట్ పెట్టబోయేవాళ్లు ఆ కాన్ఫరెన్స్ టోర్నీ సెమీస్ చివరి సెకన్లు మళ్లీ చూడండి. మూడు పాయింట్లు ముందున్న వర్జీనియా వన్ అండ్ వన్‌లో మొదటిదే వదిలేసింది, అవతల ఎన్‌సీ స్టేట్‌కు మూడు పాయింట్ల షాట్ పడింది, ఓవర్‌టైమ్‌లో మునిగింది. ఆ కథలో మన వేషం వర్జీనియాది. వాళ్లకైనా డేటన్‌లో, మార్చి టోర్నీ మొదటి రౌండుకు ముందు జరిగే ఆటల్లో సీటిచ్చారు, వెళ్లి 67-42తో చిత్తయ్యారు. మనకంత పేరు కూడా లేదు.