పన్నెండోవాడు ఎక్కడికీ పోడు

అమెరికన్ ఫుట్‌బాల్ మీద, కాలేజీ బేస్‌బాల్ మీద అభిప్రాయం చెప్పే హక్కు ఎవరికుందన్న ప్రశ్న ఈమధ్య తరచుగా వినబడుతోంది. ఆడినవాళ్ళకే ఉండాలని కొందరంటున్నారు. కనీసం రూల్స్ అయినా తెలిసినవాళ్ళకి ఉండాలని మరికొందరు. రెండూ ప్రమాదకరమైన వాదనలే. ఆడేవాళ్ళకి ఆటతోనే సరిపోతుంది, అభిప్రాయాలకి తీరికెక్కడిది? రూల్స్ తెలిసినవాళ్ళని రిఫరీలంటారు, వాళ్ళ మాట ఎవరూ నమ్మరు. ఇక మిగిలింది మేమే, అంటే అభిమానులం.

మాకు కావలసిన తీరికను ఆటే కల్పించింది. ఫుట్‌బాల్ మ్యాచ్ గడియారం ప్రకారం గంట, టీవీలో మూడు గంటల పైమాటే. అందులో బంతి నిజంగా కదిలేది సుమారు 11 నిమిషాలేనని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్ళు లెక్క తేల్చారు. ఆ లెక్క చూసి నవ్వినవాళ్ళున్నారు. నవ్వడానికేముంది? మిగతా సమయమంతా అభిప్రాయాల కోసం కేటాయించినదని ఎవరూ గ్రహించలేదంతే.

ముందు నా అర్హతలు చెప్పాలి. నేనుండేది డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు హెడ్డాఫీసు 2016 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. చదివింది కాలేజ్ స్టేషన్‌లో, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో. అందుచేత ఆదివారాలు కౌబాయ్స్‌కి, శనివారాలు ఏ అండ్ ఎమ్ ఫుట్‌బాల్‌కి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఏ అండ్ ఎమ్ బేస్‌బాల్‌కి రాసిచ్చేశాను. కౌబాయ్స్ ఆఖరిసారి సూపర్ బౌల్, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో. ఏ అండ్ ఎమ్ ఫుట్‌బాల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. బేస్‌బాల్‌లో ఇంతవరకూ కాలేదు. ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చేసిన మన కుర్రాళ్ళకి ఈ టెన్షన్లేవీ లేవు. వాళ్ళ యూనివర్సిటీ 1985 సీజన్‌తో ఫుట్‌బాల్ టీమ్‌నే ఎత్తేసింది. కౌబాయ్స్ స్టేడియం అదే ఊళ్ళో ఉన్నా సరే, శనివారం పూట వాళ్ళు హాయిగా కాస్ట్‌కోకి వెళ్ళి సామాన్లు తెచ్చుకుంటారు. అలాంటివాళ్ళతో వాదించి ప్రయోజనం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రెండు ఆటల్లోనూ కోచ్, ఆటగాడు, చివరికి కాన్ఫరెన్స్ కూడా టెంపరరీ ఉద్యోగులే. పర్మనెంట్ పోస్టు అభిమానిది మాత్రమే. జీతం లేదు, బదిలీ లేదు, రిటైర్మెంట్ అసలే లేదు. ఇది అన్యాయమని కొందరు గొణుగుతారు గానీ, వ్యవస్థ నడవాలంటే ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి కదా.

కౌబాయ్స్‌లో మాతోపాటు కదలనివాడు మరొకాయన ఉన్నాడు: ఓనర్ జెర్రీ జోన్స్. 1989లో టీమ్ కొంటూనే, 29 సీజన్లు పనిచేసిన కోచ్ టామ్ లాండ్రీని ఇంటికి పంపించాడు. ఆ తర్వాత చాలామంది కోచ్‌లు వచ్చారు, వెళ్ళారు. ఆటగాళ్ళని తెచ్చిపెట్టే జనరల్ మేనేజర్ మాత్రం మారలేదు, ఎందుకంటే ఆ ఉద్యోగం కూడా జెర్రీదే. జనరల్ మేనేజర్ పనితీరు మీద ఓనర్‌కి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా అందినట్టు లేదు. 2025 ఆగస్టులో జట్టులోకెల్లా గొప్ప డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి పంపేశారు. నెల తిరిగాక అదే గ్రీన్ బే మా ఊరొచ్చి ఆడితే 40-40తో టై అయింది. మూడు గంటలకు పైగా ఉత్కంఠ, ఆపైన ఫలితం లేదు. అభిప్రాయాలకి ఇంతకంటే సారవంతమైన నేల ఎక్కడ దొరుకుతుంది?

స్టేడియం సంగతి విడిగా చెప్పుకోవాలి. వంద కోట్ల డాలర్లకి పైగా పోసి, 2009లో తెరిచిన ఆ మహాకట్టడం తూర్పు పడమరలుగా ఉంటుంది. రెండు చివర్లా ఆకాశమంత అద్దాల గోడలు. సీజన్ చివరికొచ్చేసరికి మధ్యాహ్నం మ్యాచ్‌లో సూర్యుడు పడమటి అద్దంలోంచి దిగి, పచ్చిక మీదుగా నడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఆటగాడి కళ్ళలో కూర్చుంటాడు. 2024 నవంబర్‌లో ఈగిల్స్ జట్టు మీద ఆడుతుంటే మా ఆటగాడు సీడీ లాంబ్‌కి టచ్‌డౌన్ పడాల్సిన బంతి వచ్చింది. మనిషి అక్కడే ఉన్నాడు, చేతులు కూడా ఉన్నాయి, బంతి కనపడలేదు. 34-6తో ఓడాం. కర్టెన్లు వేయించవచ్చు కదా అని విలేకరులు అడిగితే, అయితే స్టేడియమే కూలగొట్టి ఇంకోటి కట్టమంటారా అని జెర్రీ విరుచుకుపడ్డాడు. పాపం ఆయన తప్పేముంది? తూర్పు వాకిలి లేకపోతే, అమ్మకానికి తెరిచి చూపించే ఓపెన్ హౌస్‌లోకి అడుగు కూడా పెట్టని తెలుగువాళ్ళు ఫ్రిస్కో నిండా ఉన్నారు. ప్లాను చూపించి ఒక్క మాట అడిగి ఉంటే మా కాలనీలోనే నలుగురు చెప్పేవాళ్ళు, పడమర అంత తెరిపి పనికిరాదని.

శనివారాల్లోకి వద్దాం. కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్లన్నీ కాన్ఫరెన్సులుగా ఉంటాయి. ఒకప్పుడు అవి ఇరుగుపొరుగు రాష్ట్రాల కూటములు. ఇప్పుడు బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో 18 జట్లున్నాయి. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఉన్నాయి. భూగోళం తప్పని అభ్యంతరం చెప్పేవాళ్ళు టీవీ హక్కుల విలువ తెలియనివాళ్ళు. మా విషయమే తీసుకోండి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పెత్తనం భరించలేక మేము 2012లో ఎస్‌ఈసీ అనే వేరే కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళిపోయాం. అత్తగారి పోరు పడలేక వేరు కాపురం పెడితే ఆవిడే వచ్చి పక్కవాటాలో దిగినట్టు, 2024లో టెక్సాస్ కూడా ఎస్‌ఈసీకే వచ్చి చేరింది. ఇక ఇల్లు మారే ఓపిక మాకు లేదు.

మా దగ్గర అభిమానిని పన్నెండో ఆటగాడంటారు. మైదానంలో జట్టుకి పదకొండుమంది, స్టాండ్స్‌లో మేము పన్నెండోవాళ్ళం. 1922 జనవరిలో డాలస్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో మా ఆటగాళ్ళు వరసగా గాయపడుతుంటే, కింగ్ గిల్ అనే విద్యార్థి స్టాండ్స్‌లోంచి దిగొచ్చి, జెర్సీ తొడుక్కుని, పిలిస్తే ఆడదామని పక్కనే నిలబడ్డాడు. చివరిదాకా పిలవలేదు. వందేళ్ళు దాటినా మేమూ అదే పని చేస్తున్నాం. మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లక్షమందికి పైగా పడతారు, విద్యార్థులు మ్యాచంతా నిలబడే ఉంటారు, ఎవరూ పిలవరు. ఈ పన్నెండో ఆటగాడు అన్న మాట యూనివర్సిటీ పేర రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టువాళ్ళు వాడుకుంటే కోర్టుకెళ్ళి, రాజీపడి, లైసెన్స్ ఫీజు రాబట్టారు. అంటే మా అభిమానానికి వెల ఉంది. అది మా చేతికి రాదన్నది చిన్న సాంకేతిక వివరం.

మా మస్కట్ రెవెలీ అనే కోలీ జాతి కుక్క. మిలిటరీ శిక్షణ పొందే మా విద్యార్థుల దళం క్యాడెట్ కోర్‌లో అందరికంటే పెద్ద ర్యాంకు ఆవిడదే. కొత్త క్యాడెట్లు ఆవిడని మేడమ్ అనే సంబోధించాలి. పోయిన రెవెలీలందరినీ స్టేడియం బయట, స్కోరు కనపడే వైపు సమాధి చేశారు. మధ్యలో స్టేడియం పెంచితే స్కోర్‌బోర్డు కనపడకుండా పోయింది. వెంటనే సమాధులకి ఎదురుగా విడిగా ఒక చిన్న స్కోర్‌బోర్డు పెట్టించారు. చచ్చినా సరే స్కోరు చూడక తప్పదన్న సంగతి మా యూనివర్సిటీ అంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు జింబో ఫిషర్. 2017 చివర్లో పదేళ్ళకి 75 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్‌తో కోచ్‌గా తెచ్చుకున్నాం. కొత్తల్లోనే ఛాన్సలర్ జాన్ షార్ప్ సభాముఖంగా ఆయనకి జాతీయ ఛాంపియన్‌షిప్ ఫలకం బహూకరించారు. ఫలకం మీద అన్నీ చెక్కించారు గానీ సంవత్సరం దగ్గర మాత్రం ఖాళీ వదిలారు, గెలిచినప్పుడు వేసుకోవచ్చని. 2021లో, ఖాళీ ఖాళీగానే ఉండగా, జీతం పెంచి కాంట్రాక్ట్‌ని 2031 దాకా పొడిగించారు, అదీ పూర్తి గ్యారంటీతో. 2023 నవంబర్‌లో ఒక శనివారం మిసిసిపీ స్టేట్ మీద 51-10తో గెలిచాం. ఆదివారం ఆయన్ని తీసేశారు. గ్యారంటీ ఉంది కాబట్టి, ఇక మీదట కోచింగ్ చేయకుండా ఉన్నందుకు 75 మిలియన్ డాలర్లకి పైగా, అంటే అప్పటి లెక్కన 600 కోట్ల రూపాయల పైనే, ఆయనకి వాయిదాల్లో ముడుతోంది.

దీన్ని దుబారా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అదే యూనివర్సిటీకి నేను ఫీజు కట్టాను. నన్ను చదివించినందుకు వాళ్ళు తీసుకున్నారు, జింబో ఆడించనందుకు వాళ్ళు ఇస్తున్నారు. లెక్కల్లో పొరపాటేమీ నాకు కనపడలేదు.

ఇలాంటి డబ్బు వ్యవహారాలతో విసిగినవాళ్ళకి కాలేజీ బేస్‌బాలే శరణ్యమని చాలాకాలంగా నా అభిప్రాయం. ఫుట్‌బాల్ జట్టుకి 85 స్కాలర్‌షిప్పులుంటే, బేస్‌బాల్ జట్టంతటికీ కలిపి మొన్నమొన్నటిదాకా 11.7 ఉండేవి. ఆ పాయింట్ ఏడు ఎవరి వాటాయో గానీ, అంత నిరాడంబరమైన ఆట ఇంకోటి లేదు. అల్యూమినియం బ్యాట్‌కి బంతి తగిలితే టింగుమంటుంది, పక్కనే పట్టాల మీద గూడ్సుబండి పోతూ కూత పెడుతుంది. అవతలి పిచ్చర్ నాలుగు బాల్స్ తప్పుగా వేస్తే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు, లెక్క అక్కడితో అయిపోవాలి. మా స్టాండ్స్‌లో అవదు. తర్వాతి బ్యాటర్‌కి వేసిన మొదటి బంతి కూడా తప్పిందంటే అందరం కలిసి ‘బాల్ ఫైవ్’ అంటాం, ఆపైన ‘బాల్ సిక్స్’. స్ట్రైక్, అంటే సరైన బంతి, పడేదాకా అలా లెక్కపెడుతూనే ఉంటాం. పాపం ఆ పిచ్చర్‌కి ఇరవై ఏళ్ళుంటాయేమో. క్యాప్ తీసి చెమట తుడుచుకుంటాడు, చేతిలో బంతిని నాలుగుసార్లు తిప్పుతాడు, మళ్ళీ తప్పు వేస్తాడు. ఈ ఆటలో సాయంత్రం పూట ఇంతకు మించిన ఆనందం నాకు తెలియదు.

ఈ ఆటకి కాశీ లాంటి ఊరు నెబ్రాస్కాలోని ఒమాహా. జాతీయ ఛాంపియన్‌ని తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ 1950 నుంచి అక్కడే. 64 జట్లతో మొదలై ఎనిమిది మాత్రమే అక్కడికి చేరతాయి. భక్తిలో మాకంటే ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఒక మెట్టు పైనున్నారని ఒప్పుకోవాలి. స్టేడియం దగ్గర్లో ఒక బార్‌లో ఏ జట్టు అభిమానులు ఎన్ని జెల్లో షాట్లు, అంటే మందు కలిపిన జెల్లీ కప్పులు, తాగారో బోర్డు మీద రాస్తారు. 2023లో ఎల్‌ఎస్‌యూ ఖాతాలో పడినవి 68,888. ఆ ఏడాది కప్పు కూడా వాళ్ళదే. ఈ రెండింటికీ ఉన్న సంబంధం మీద పరిశోధన జరగాలి.

2024లో మేము ఫైనల్ దాకా వెళ్ళాం. టెనెసీ మీద మొదటి మ్యాచ్ గెలిచి, రెండోది ఓడి, మూడోది 6-5తో పోగొట్టుకున్నాం. ఆ రాత్రి విలేకరుల సమావేశంలో ఒకరు, మీరు ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్తారట నిజమేనా అని మా కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్‌ని అడిగారు. ఆయనకి కోపం వచ్చింది. ఇక వేరే ఉద్యోగం చేయకూడదనే ఏ అండ్ ఎమ్‌కి వచ్చానని గట్టిగా మందలించాడు. మర్నాడు సాయంత్రానికి ఆయన టెక్సాస్ కోచ్. వెంట వెళ్ళిన బ్యాటింగ్ కోచ్ మైకేల్ ఎర్లీ కొద్ది రోజుల్లోనే వెనక్కొచ్చి మాకు హెడ్ కోచ్ అయ్యాడు. దీన్ని నమ్మకద్రోహమన్నారు మావాళ్ళు. నాకలా అనిపించలేదు. ఉద్యోగి అన్నాక మంచి ఆఫరొస్తే వెళ్తాడు, ఫ్రిస్కోలో ఈ మాట కాదనేవాడెవడు? మేమందరం ప్రాజెక్టులు మారుతూనే కదా ఇక్కడిదాకా వచ్చింది.

మరుసటి ఏడాది సీజన్‌కి ముందు చాలా ర్యాంకింగుల్లో మాదే మొదటి స్థానం. ఆట మొదలయ్యాక 64 జట్ల జాబితాలో చోటే దొరకలేదు. అదే ఏడాది ష్లాస్‌నేగల్ టెక్సాస్‌ని ఎస్‌ఈసీలో మొదటి స్థానంలో నిలబెట్టి, సొంత మైదానంలో శాన్ ఆంటోనియో యూనివర్సిటీ చేతిలో ఓడిపోయాడు. ఆ వారాంతం మా ఇళ్ళల్లో ఎంత పండగ వాతావరణమో చెప్పలేను. మనం గెలవకపోయినా లోకంలో న్యాయముందని శాన్ ఆంటోనియో పిల్లలు నిరూపించారు. ఆపైన ఫుట్‌బాల్‌లో వరసగా పదకొండు మ్యాచ్‌లు గెలిచి, పన్నెండోది ఆస్టిన్‌లో టెక్సాస్‌కే సమర్పించుకున్నాం. పన్నెండు అంకె మీద మాకున్న ట్రేడ్‌మార్క్ ఇంత దూరం వర్తిస్తుందని అనుకోలేదు.

కాబట్టి యూనివర్సిటీ పాలకమండలివారైన రీజెంట్లకి ఇందుమూలంగా నా విజ్ఞప్తి. పని చేయనందుకు కోచ్‌కి పరిహారం ఇచ్చే సంప్రదాయం ఎలాగూ ఉంది కనుక, దాన్ని పన్నెండో ఆటగాడికి కూడా వర్తింపజేయాలి. వందేళ్ళకి పైగా జెర్సీ తొడుక్కుని పక్కన నిలబడి, ఒక్కసారైనా ఆడకుండా ఉన్న రికార్డు మాకుంది. జింబోకి కూడా అంత అనుభవం లేదు. మొత్తం మీరే నిర్ణయించండి, వాయిదాలైనా అభ్యంతరం లేదు. ఇచ్చిన ప్రతి డాలరూ సెప్టెంబర్ నాటికి కైల్ ఫీల్డ్ టికెట్ల రూపంలో మీకే తిరిగొస్తుంది గనుక, ఖజానాకి నష్టమేమీ ఉండదని మనవి.