200 నిమిషాల వడ్డన

మొన్న చలికాలంలో మా వాడి హైస్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే, మా వరసలో నలుగురం తెలుగు తండ్రులమే కూర్చున్నాం. మూడో క్వార్టర్ మొదలైందో లేదో, పక్కాయన ఫోన్ తీసి నాకు చూపించాడు. ఏ పిల్లాడు ఎన్నో నిమిషంలో దిగాడు, ఎప్పుడు మళ్ళీ బెంచి మీదికి వెళ్ళాడు అన్నీ రాసుకున్నాడు. "చూడండి సార్, మీ వాడికి తొమ్మిది నిమిషాలు, మా వాడికి ఆరున్నర. ఇద్దరూ గార్డులే కదా, ఇదేం పద్ధతి?" అన్నాడు. గార్డులంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాళ్ళు. నాకు ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు వీధి అరుగు మీద జరిగే విచారణ గుర్తొచ్చింది. అలాగని నేనేమీ తక్కువ తినలేదు. నా ఫోన్లోనూ అలాంటి లెక్కే ఉంది, కాకపోతే ఆయనకి చూపించలేదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని కదా సామెత. ఇక్కడ వడ్డించే కోచ్ మనవాడు కాదు. అందుకే మన పిల్లాడు ఏ బంతిలో కూర్చున్నా మనకి టెన్షనే. కానీ కాలేజీ బాస్కెట్‌బాల్‌ని ఇన్నేళ్ళుగా చూశాక నాకో అభిప్రాయం గట్టిపడింది. గార్డుల మధ్య నిమిషాలు సమానంగా పంచడం పిల్లలకి న్యాయం చేసినట్టు కాదు, చాలాసార్లు అది కోచ్ తన తలనొప్పి తప్పించుకునే దారి.

ముందు లెక్క చూద్దాం. మగవాళ్ళ కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, 20 చొప్పున రెండు భాగాలు. కోర్టులో ఐదుగురు ఉంటారు కాబట్టి కోచ్ గిన్నెలో ఉండేది మొత్తం 200 నిమిషాలు. ఇద్దరు గార్డులతో ఆడే జట్టయితే అందులో వాళ్ళ వాటా 80, ముగ్గురితో ఆడితే 120. జట్టులో గార్డులు మాత్రం ఐదారుగురు ఉంటారు. ఒక్కొక్కడూ తన హైస్కూల్లో మ్యాచంతా ఆడి, పేపర్లో ఫొటో పడి, ఊరంతా భుజాన మోసుకుని పంపినవాడే.

పైగా చేతిలో ఉన్న నిమిషాలను కోచ్ తన ఇష్టప్రకారం పంచలేడు. ఐదు ఫౌళ్ళయితే ఆటగాడు బయటికి పోవాలి. అందుకే మొదటి భాగంలోనే రెండు ఫౌళ్ళు పడితే చాలామంది కోచ్‌లు భయపడి కూర్చోబెట్టేస్తారు. టీవీ వాళ్ళ ప్రకటనల కోసం గడియారం 16, 12, 8, 4 నిమిషాల కిందికి దిగాక ఆట ఆగే మొదటి చోట విరామం ఇస్తారు. తెలివైన కోచ్ తన ముఖ్యమైన గార్డుని సరిగ్గా దానికి ముందు ఒక నిమిషం లాగేస్తాడు. గడియారంలో పోయేది ఒక్క నిమిషమే, కుర్రాడికి దొరికేది మూడు నాలుగు నిమిషాల విశ్రాంతి. గ్యాలరీలో కూర్చున్న తండ్రికి మాత్రం "మంచి ఊపులో ఉన్నవాణ్ణి తీసేశాడు" అనిపిస్తుంది. నేను కూడా ఒకటి రెండుసార్లు అరిచినట్టు గుర్తు.

ఇప్పుడు సమాన పంపకం సంగతికి వస్తాను. మేముండేది సిన్సినాటి పక్కన, లెక్సింగ్టన్ గంటన్నర ప్రయాణం. అక్కడ కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ అంటే మన ఊళ్ళలో అమ్మవారి జాతరంత హడావుడి. 2014 ఎండాకాలంలో కోచ్ జాన్ క్యాలిపారికి ఎవరికీ రాని కష్టం వచ్చిపడింది. వెళ్ళిపోతారనుకున్న కవల గార్డులు ఆండ్రూ హారిసన్, ఆరన్ హారిసన్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్ళకుండా ఉండిపోయారు. అదే సమయానికి డెవిన్ బుకర్, టైలర్ యూలిస్ అనే ఇద్దరు కొత్త గార్డులు వచ్చారు. పొడుగు ఆటగాళ్ళ విషయంలోనూ అదే పరిస్థితి. ఆగస్టులో బహామాస్ పర్యటనలో ఆయన జట్టుని ఐదుగురేసి చొప్పున రెండు ముక్కలు చేశాడు. ఒక ఐదుగురు కాసేపు ఆడాక ఐదుగురూ ఒక్కసారే లేచి వచ్చేస్తారు, రెండో ఐదుగురు దిగుతారు. దీనికి ప్లటూన్ అని పేరు పెట్టారు. మొదటి బంతి లేచింది, రెండో బంతి కూర్చుంది అన్నట్టే ఉండేది చూడ్డానికి.

మొదట్లో అది ఎదుటి జట్లకి పీడకలే. నవంబరులో కాన్సస్‌ని 72-40తో ఓడించారు. డిసెంబరు 20న షికాగోలో యూసీఎల్ఏ మీద మొదటి 24 పాయింట్లూ వీళ్ళవే, సగం ఆటకి 41-7. ఆ మ్యాచ్ నేను టీవీలో చూస్తుంటే మా ఆవిడ వచ్చి "ఇది ప్రాక్టీసా?" అని అడిగింది. అదే నెలలో అలెక్స్ పాయ్‌త్రెస్ అనే ఆటగాడి మోకాలి లిగమెంటు తెగడంతో రెండు పూర్తి జట్ల పద్ధతి చెదిరిపోయింది గానీ, అందరికీ ఇంతింత అనే పంపకం అలవాటు మాత్రం పోలేదు. ఆ సీజన్ మొత్తానికి జట్టులో ఏ ఒక్కరి సగటూ 26 నిమిషాలు దాటలేదు. కవలలిద్దరికీ 25 పైచిలుకు, యూలిస్‌కి దాదాపు 24, బుకర్‌కి 21న్నర. వరసగా 38 విజయాలు.

తర్వాత 2015 ఏప్రిల్ 4న ఇండియానాపొలిస్‌లో విస్కాన్సిన్‌తో జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్. చివరి పది నిమిషాల్లోకి ఆట దగ్గరదగ్గరగానే వచ్చింది. కెంటకీ కాస్త ముందుంది కూడా. అక్కడి నుంచి వరసగా మూడుసార్లు బంతి చేతిలో ఉండగానే షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికిచ్చే గడువు, అయిపోయింది. అప్పట్లో అది 35 సెకన్లు. అంత టైమిచ్చినా ఆ మూడుసార్లూ పనికొచ్చే షాట్ పుట్టలేదు. 71-64తో ఓడిపోయారు. 38 గెలుపులు, ఒక్క ఓటమి.

ఒక్క మ్యాచ్‌ని పట్టుకుని సంవత్సరం శ్రమని కొట్టిపారేయడం పద్ధతి కాదని నాకూ తెలుసు. అంతకు వారం ముందే నోటర్ డేమ్ మీద 68-66తో గట్టెక్కింది ఆండ్రూ హారిసన్ చివర్లో వేసిన రెండు ఫ్రీ త్రోలతోనే. అంతకు ముందు సంవత్సరం టోర్నమెంటులో ఆరన్ చివరి క్షణాల్లో వేసిన షాట్లతో వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచారు. కోచ్‌కి వాళ్ళ మీద నమ్మకం ఉండటంలో తప్పేమీ లేదు. నా ఫిర్యాదు వేరే. ముప్ఫై పైన మ్యాచ్‌లు సగటున ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తూ నలుగురు గార్డులకీ సమానంగా వడ్డిస్తూ పోతే, ఆట బిగుసుకున్నప్పుడు బంతి ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకునే అవసరం రాదు. ఆ అవసరం వచ్చిన రోజు తేల్చుకోవడానికి మిగిలింది ఐదు నిమిషాలే. అంత బలంగా లేని జట్టయితే ఈ ప్రశ్నకి డిసెంబరులోనే ఎక్కడో ఓడిపోయి జవాబు వెతుక్కునేది.

మరుసటి ఏడు అదే యూలిస్, అయిదడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు, మ్యాచ్‌కి దాదాపు 37 నిమిషాలు ఆడి తమ కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగులో, ఉత్తమ ఆటగాడు, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు రెండు బహుమతులూ ఒక్కడే పట్టుకుపోయాడు. అంతకు ముందు ఏడాది అతనికి 24 నిమిషాలు చాలనుకున్నారు. జరిగిపోయాక చెప్పడం ఎవరికైనా సులువేననుకోండి.

తల్లిదండ్రులు మాత్రం ఇదే కథలో ఇంకో ముక్క పట్టించుకోవాలి. 21న్నర నిమిషాలు, అదీ బెంచి మీద నుంచి లేచి వచ్చి ఆడిన బుకర్‌ని ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళని వరసగా ఎంచుకునే 2015 డ్రాఫ్టులో ఫీనిక్స్ 13వ ఎంపికగా తీసుకుంది. రెండేళ్ళు తిరక్కుండా, 2017 మార్చిలో బోస్టన్ మీద ఒకే మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. ఆ డ్రాఫ్టులో మొట్టమొదటి ఎంపిక కార్ల్ ఆంథొనీ టౌన్స్ కూడా అదే జట్టు, అతనికీ కెంటకీలో దక్కింది దాదాపు 21 నిమిషాలే. వాళ్ళిద్దరికన్నా ఎక్కువ ఆడిన ఆరన్ హారిసన్‌ని డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. ఫోన్లో నిమిషాలు రాసుకునే మా బోటి వాళ్ళు ఒకసారి ఇది చదువుకుని పడుకుంటే మంచిది.

సమానంగా కాకపోతే ఎలా పంచాలి? నాకు నచ్చిన పద్ధతి విల్లనోవా యూనివర్సిటీది. 2018లో వాళ్ళ గార్డుల్లో జేలెన్ బ్రన్సన్ పెద్దదిక్కు, ఆట అతని చేతుల మీదుగా నడుస్తుందని చివరి బెంచి వాడికి కూడా తెలుసు. డాంటె డివిన్‌చెంజో ఎక్కువ మ్యాచ్‌ల్లో మొదటి ఐదుగురిలో లేడు, అయినా సగటున 29 నిమిషాలు ఆడాడు. అంటే పేరుకి కడబంతే, విస్తరి మాత్రం నిండుగా ఉంది. మిషిగన్‌తో ఫైనల్లో అతను బెంచి మీద నుంచి వచ్చి 31 పాయింట్లు కొట్టాడు, 79-62తో కప్పు వాళ్ళదైంది. మన వాళ్ళు "స్టార్టింగ్ ఫైవ్‌లో ఉన్నాడా?" అని అడిగినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు. మొదట ఎవరు దిగారన్న దానికన్నా చివరి ఐదు నిమిషాల్లో ఎవరున్నారో చూడాలి.

2021లో బేలర్ యూనివర్సిటీది ఇంకో రకం. బట్లర్, మిచెల్, టీగ్ ముగ్గురూ మొదటి నుంచే, నాలుగోవాడు ఫ్లాగ్లర్ బెంచి మీద నుంచి. ఫైనల్లో అప్పటివరకూ ఒక్క ఓటమీ లేని గొంజాగాని 86-70తో ఓడించారు. వీళ్ళలో బట్లర్ తప్ప మిగిలిన ముగ్గురూ వేరే కాలేజీల నుంచి మారి వచ్చినవాళ్ళే. అప్పటి రూల్ ప్రకారం ఒక్కొక్కరూ ఒక ఏడాదంతా మ్యాచ్ ఆడకుండా ప్రాక్టీసు మాత్రమే చేస్తూ కూర్చున్నారు. సున్నా నిమిషాలు!

ఆ ఓపిక ఇప్పుడు ఎవర్నీ అడగలేం. 2021 వసంతంలోనే మారినవాడు ఒకసారికి వెంటనే ఆడొచ్చన్నారు, 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. దాంతో ప్రతి నిమిషానికీ ఒక ధర వచ్చింది. మార్చిలో ఎనిమిది నిమిషాలు ఆడిన గార్డు ఏప్రిల్‌లో బ్యాగు సర్దుకుంటాడు. అందుకని కోచ్‌లు "వెళ్ళిపోతాడేమో" అన్న భయంతో జనవరిలో తలా నాలుగు నిమిషాలు చిల్లరగా పంచుతున్నారు. ఆ నాలుగు నిమిషాల వల్ల కుర్రాడికి ఊపు రాదు, జట్టుకి పొందిక కుదరదు. ఎలాగూ వెళ్ళేవాడు వెళ్తూనే ఉన్నాడు.

నన్నడిగితే కోచ్ గార్డుకి బాకీ ఉన్నది నిమిషాలు కాదు, మాట. అక్టోబరులోనే కూర్చోబెట్టి చెప్పాలి: "ఎదుటి జట్టు మీదపడి ప్రెస్ చేసినప్పుడు బంతి తెచ్చే పని నీది. వాళ్ళ మంచి షూటర్‌ని కాపలా కాసే పని నీది. మ్యాచ్ ఆఖర్లో ఫ్రీ త్రోల కోసం ఫలానావాణ్ణి ఉంచుతాను, నిన్ను తీస్తాను, అప్పుడు మొహం మాడ్చుకోకు." ఇది చెప్పగలిగితే ఏడుగురితో, మహా అయితే ఎనిమిది మందితో ఆడించొచ్చు. నచ్చని కుర్రాడు ముందే వెళ్ళిపోతాడు, అదీ మంచిదే.

చిన్నపిల్లల ఆట వేరు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి అందరికీ సమానంగా వడ్డించాల్సిందే, అక్కడ గెలిచి ఏం చేసుకుంటాం? మన అసోసియేషన్ వేసవి టోర్నమెంటులో "ప్రతి ఆటగాడూ కనీసం సగం మ్యాచ్ ఆడాలి" అన్న రూల్ ఆ వయసు వాళ్ళకి ఉంచి, హైస్కూల్ విభాగానికి తీసేయమని క్రీడా కమిటీకి రాశాను. సరే చూద్దాం అన్నారు. ఈసారి ఆ విభాగంలో మా ఏరియా జట్టుకి కోచ్‌ని నేనే. గార్డులు ఐదుగురొచ్చారు. మా వాడు బెంచి మీద నుంచి వస్తాడు. వాడికి చెప్పేశాను. వాళ్ళమ్మకి చెప్పాల్సి ఉంది.