పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎవరి గడప ఎక్కాలి?

వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లో మర్నాడు పత్రికల్లో కనిపించేది జెండా పాట ధర. ఆ పూట యార్డులో మేలైన సరుకుకు పలికిన ధర అది. ఎక్కువమంది రైతులు ఇంటికి తీసుకెళ్లే తక్‌పట్టీ, అంటే అమ్మకపు చీటీ మీద అంకె అంతకన్నా తక్కువే ఉంటుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూపిద్దామని రెండేళ్ల కిందట మా కాలనీ కుర్రాళ్లు ముగ్గురు, నేను కలిసి ఒక కార్యక్రమం తీశాం. కెమెరా అంటే ఫోనే. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, విరిచి, వాసన చూసి ధర చెప్పే దృశ్యం మాకు బాగా కుదిరింది. ఆ ధర వినగానే వెనక నిలబడిన రైతు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తీసేటప్పుడు అది మా కంట పడనే లేదు, ఎడిటింగ్‌కు కూర్చున్నాకే చూశాం.

మొదటి రోజు తీసిందంతా వృథా. యార్డు మైకు, హమాలీల కేకలు, ట్రాలీ ఆటోల మోత కలిసి రైతు మాటను మింగేశాయి. మర్నాడు ఇంకో ఫోను రైతు చొక్కా జేబులో పెట్టి మాటను విడిగా రికార్డు చేశాం. ఆ చిన్న ఉపాయమే కార్యక్రమాన్ని బతికించింది. నిడివి మాత్రం 41 నిమిషాలు తేలింది. చానల్లో ఇచ్చేది అరగంట, ప్రకటనలు పోను మిగిలేది 26 నిమిషాలు. పదిహేను నిమిషాలు కోయడానికి మాలో మాకు గొడవలయ్యాయి. కోశాక బాగుపడిందని అందరం ఒప్పుకున్నాం, ఒక్కడు తప్ప.

పెన్‌డ్రైవ్ పట్టుకుని ఊళ్లోని ఒక కేబుల్ చానల్‌కు వెళ్లాం. యజమాని మంచివాడే, టీ తెప్పించి మొత్తం ఓపికగా చూశాడు. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాడు. స్పాన్సర్ ఎవరు? ఇందులో ఎవరి పేరైనా వచ్చిందా? రేపు ఎవరైనా ఫోను చేసి నిలదీస్తే నేనేం చెప్పాలి?

మొదటి రెండిటికీ నాకు ఒళ్లు మండింది. మూడోది మాత్రం న్యాయమైన ప్రశ్న. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ప్రకారం కార్యక్రమాల నియమావళిని మీరితే జవాబు చెప్పాల్సింది కేబుల్ నడిపే ఆపరేటరే, అతని పరికరాలను స్వాధీనం చేసుకునే అధికారం కూడా అందులో ఉంది. కేబుల్ సంస్థల సొంత చానళ్లకు కేంద్రం 2022 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వాటిని ప్లాట్‌ఫాం సర్వీసులు అన్నాయి. ఒక్కో చానల్‌కు వెయ్యి రూపాయల రుసుము, మొత్తం చానళ్ల సామర్థ్యంలో వీటి వాటా అయిదు శాతం దాటకూడదు, ప్రసారమైన ప్రతిదాని రికార్డు 90 రోజులు దాచాలి. ఊళ్లోవాళ్లు ఒక కార్యక్రమం తీసి తెస్తే ఏం చేయాలన్నది ఆ చానళ్లలో యజమాని ఇష్టానికే మిగిలిపోయింది.

అమెరికాలో ఈ చిక్కును వేరే దారిలో విప్పుకున్నారు. అక్కడి 1984 కేబుల్ చట్టం పౌరుల కార్యక్రమాల కోసం చానళ్లు కేటాయించాలని కోరే అధికారాన్ని నగరపాలక సంస్థలకు ఇచ్చింది. వాటిలో ఏం రావాలో ఆపరేటర్ నిర్ణయించకూడదంది, ఆ కార్యక్రమాల మీద వచ్చే దావాల నుంచి అతనికి రక్షణా ఇచ్చింది. నీ చేతిలో కత్తెర లేదు కాబట్టి నీ మెడకు ఉరీ లేదు అన్నమాట. మన దగ్గర కత్తెరా ఉరీ రెండూ ఒకడి దగ్గరే ఉన్నాయి. అలాంటివాడు పిరికివాడు కాక ఏమవుతాడు?

ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పిందీ 1995లోనే. ఆ మాట ఫలితం రేడియోకు కాస్త దక్కింది. 2006 విధానంతో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో అనుమతులు వచ్చాయి, కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలన్న నిబంధనా వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. టీవీకీ అలాంటి అనుమతులు ఉండాలన్న ఆలోచన మాత్రం ముందుకు సాగలేదు.

యూట్యూబ్ ఉండగా ఇదంతా ఎందుకని మా కుర్రాళ్లే అన్నారు. పెట్టి చూశాం. చూసినవాళ్లలో సగం మా చుట్టాలు, అందులో కొందరు డల్లాస్‌లో ఉన్నారు. యార్డు ఎదుట టీ కొట్టులో, క్షౌరశాలలో రోజంతా నడిచే టీవీలో వస్తే వెతకని వాడి కంట కూడా పడుతుంది. కేబుల్ కనెక్షన్లు తగ్గుతున్నాయని ఆపరేటర్లు వాపోతున్నారు, నిజమే. సినిమాలు, సీరియళ్లు ఫోనులోనే దొరుకుతున్నప్పుడు కేబుల్ ఆపరేటర్ దగ్గర మాత్రమే దొరికే సరుకు మన ఊరే కదా. భద్రకాళి గుడి శరన్నవరాత్రులు, పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ వచ్చినప్పుడు జనం ఆ చానల్ పెట్టుకుంటారు. మిగతా రోజుల్లో డాక్టరు ముఖాముఖి పేరిట ఆసుపత్రి ప్రకటన, కాలేజీ ర్యాంకుల హోరు, కింద పుట్టినరోజు ఫోటోలు. ఆ ఫోటోలను నేను వెక్కిరించను. మామూలు మనిషి ముఖం ఊరి టీవీలో కనిపించే దారి ప్రస్తుతానికి అదొక్కటే, అదీ డబ్బు కట్టి.

2023 జులై వరదల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, ఇటు హనుమకొండ నయీంనగర్, హంటర్ రోడ్డు కాలనీలు మునిగాయి. ఏ వీధిలో ఏ గోడ మీద నీటి చార ఎంత ఎత్తున మిగిలిందో అక్కడివాళ్లే తిరిగి చూపించే అరగంట ఒకటి రావాల్సింది. దాన్ని నిజాయితీగా తీస్తే నాలా మీద కట్టుకున్నవాళ్ల ప్రస్తావన రాక తప్పదు. అప్పుడు యజమాని రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు.

చట్టం మారేదాకా ఒక కాగితంతో మొదలుపెట్టవచ్చు. తీసినవారి పేరు, ఫోను నంబరు, వాడిన సంగీతం ఎవరిది, తెర మీద కనిపించినవాళ్లు ఒప్పుకున్నారా, తేడా వస్తే బాధ్యత ఎవరిది, ఇవి రాసి సంతకం పెట్టి ఇస్తాం. చానల్ వద్దనుకుంటే వారంలోగా కారణం రాసివ్వాలి. వారానికి రెండు అరగంటలు, వచ్చిన వరుసలో. కోర్టులో ఈ కాగితం ఆపరేటర్‌ను కాపాడకపోవచ్చు. ఫోను చేసిన కార్పొరేటర్‌కు చెప్పడానికి ఒక మాటైనా ఉంటుంది.

మా కార్యక్రమం చివరకు ఒక రాత్రి పదిన్నరకు వచ్చింది, ఒక అడ్తి వ్యాపారి మాట్లాడిన రెండు నిమిషాలు లేకుండా. మర్నాడు టీ కొట్టు దగ్గర యార్డులో తూకం వేసే దడ్వాయి ఒకడు మమ్మల్ని ఆపి, బస్తా తరుగు లెక్క తప్పు చెప్పారని అందరి ముందూ దులిపేశాడు. ఆయన చెప్పిందే నిజం. సరిదిద్ది ఇంకో పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే యజమాని మళ్లీ టీ తెప్పించాడు. ఒకసారి వేసింది మళ్లీ ఎందుకు అన్నాడు.