ఖజానా తెరవని రాజపోషణ

రాజులు గ్రంథాలను పోషించేది భక్తి వల్లనో, పాండిత్యం మీది మక్కువ వల్లనో అని నమ్మే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. ఇంగ్లండును ఏలిన మొదటి జేమ్స్ ప్రభువు బైబిలు అనువాదానికి పూనుకున్న వైనాన్ని వారికి సవినయంగా మనవి చేస్తున్నాను.

అప్పటిదాకా స్కాట్లండ్‌ను ఏలుతున్న జేమ్స్, ఇంగ్లండు కిరీటం కూడా దక్కి 1603లో లండన్‌కు బయలుదేరగానే, ఇంగ్లండు చర్చిలో మిగిలిన పాత కేథలిక్ ఆచారాలను తుడిచేయాలనే ప్యూరిటన్లు ఆయన చేతిలో ఒక అర్జీ పెట్టారు. బాప్తిస్మంలో సిలువ గుర్తు వద్దని, పెళ్లిలో ఉంగరం వద్దని అందులో కోరారే తప్ప కొత్త అనువాదం ఊసెత్తలేదు. మరుసటి ఏడాది జనవరిలో హాంప్టన్ కోర్టు ప్రాసాదంలో సభ జరిగినప్పుడు, అడిగినవాటిలో చాలావాటికి చుక్కెదురైన తరువాత, వారి పెద్ద జాన్ రేనాల్డ్స్ కొత్త అనువాదం కావాలన్నాడు. ఒక్కొక్కరి ముచ్చట తీరుస్తూ పోతే అనువాదాలకు అంతుండదని లండన్ బిషప్పు బాన్‌క్రాఫ్ట్ విసుక్కున్నాడు గాని, ప్రభువు ముఖం మాత్రం వికసించింది.

ఆ వికాసానికి కారణం జెనీవా బైబిలు, అంటే జెనీవాలో తలదాచుకున్న ఇంగ్లీషు ప్రొటెస్టంట్లు అంతకుముందే చేసిన అనువాదం. ఇంటింటా చదివే ఆ గ్రంథంలో మూలంకంటే అంచుల్లోని వ్యాఖ్యలే ప్రభువుకు కంటకమయ్యాయి. మగశిశువులను చంపమన్న ఫరో ఆజ్ఞను మంత్రసానులు ధిక్కరించడం న్యాయమేనని నిర్గమకాండము పక్కన ఒక వ్యాఖ్య ఉంది. విగ్రహం నిలిపిన తల్లిని ఆసా రాజు పదవినుంచి తొలగించి ఊరుకోవడం చాలదని, ఆమెను చంపవలసిందని దినవృత్తాంతముల పక్కన మరొకటి. తన తల్లి మేరీ స్కాట్లండ్ కిరీటం పోగొట్టుకుని, 1587లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ ఆజ్ఞపై తల కూడా పోగొట్టుకున్నప్పుడు నిరసన తెలిపి, ఆ రాణితో సంధి మాత్రం చెడకుండా చూసుకున్న పుత్రరత్నానికి ఆ వ్యాఖ్య ఎంత నొప్పి కలిగించిందో పాఠకులే ఊహించుకోవాలి. 1579లో స్కాట్లండ్‌లో అచ్చయిన మొదటి బైబిలు ఈ జెనీవా పాఠమే, అది అంకితమైందీ ఆయనకే. అప్పటికి బాలుడు కనుక అంచులదాకా చదివి ఉండకపోవచ్చు.

కనుక అనువాదం జరగాలి, అంచులు శుభ్రంగా ఉండాలి. హీబ్రూ, గ్రీకు మాటలను వివరించడానికి తప్ప పక్కన ఏమీ రాయరాదని నియమం పెట్టారు. పర్యవేక్షణ ఎవరికి దక్కిందంటే, సభలో విసుక్కున్న బాన్‌క్రాఫ్ట్‌కే. వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆరు బృందాలుగా కూర్చున్న పండితులు బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చినందుకు మతద్రోహి అనిపించుకుని 1536లో గొంతు బిగించి దహనానికి గురైన టిండేల్ వాక్యాలను ధారాళంగా వాడుకున్నారు. చనిపోయినవాడు పారితోషికం అడగడు కదా.

బతికున్నవారి సంగతే చిక్కు. ఖర్చంతా తానే భరించాలని ప్రభువుకు మనసారా ఉన్నదట, కాలం అనుకూలంగా లేదని మంత్రులు అడ్డుపడ్డారట. అందువల్ల 1604లో ఆయన ఒక లేఖ రాయించి, ఏడాదికి 20 పౌన్లు, అంతకుమించి రాబడి ఉన్న చర్చి పదవులు ఖాళీ అయితే ఈ పండితులకు కేటాయించాలని బిషప్పులకు పురమాయించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదేనని కొందరు దురుసుగా అంటారు గాని, ఆ దానానికి కావలసిన రాజముద్ర అల్లుడిదేనన్న సంగతి మరువరాదు. అచ్చు ఖర్చు ముద్రాపకుడు రాబర్ట్ బార్కర్ నెత్తిన పడింది. ఆయన చివరికి అప్పులవాళ్ల జైల్లో కన్నుమూశాడు.

1611లో వెలువడిన గ్రంథానికి ముందున్న అంకితం జేమ్స్‌ను సూర్యుడితో పోల్చి, ఈ కృతికి ప్రధాన ప్రేరకుడు, కర్త ఆయనేనని ప్రకటించింది. ఒక్క వాక్యమైనా అనువదించకుండా, ఒక్క పౌను కూడా వెచ్చించకుండా కర్తృత్వం సాధించడం సామాన్యులకు సాధ్యం కాదు. పాఠకులు మాత్రం కొంత కృతఘ్నులు. 1642లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, ప్రభువు కొడుకు చార్లెస్ తల తెగిన 1649లో సాక్షాత్తూ లండన్‌లోనూ, ఆయన అనువాదాన్నే జెనీవా వ్యాఖ్యలు చేర్చి మళ్లీ అచ్చువేశారు.