పిల్లి మెడలో గంట కట్టిన ఊరు

పరిపాలన మీద పరిశోధనకని జపాన్ వెళ్లినవాళ్లంతా టోక్యో చూసి తిరిగొచ్చేస్తారు. పొరపాటు. చూడాల్సింది బివా సరస్సు ఒడ్డునున్న హికోనె. ఎదురుచూడటమనే విద్యలో ఆ ఊరిని కొట్టినవాళ్లు లేరు.

1600లో సెకిగహరా యుద్ధం గెలిచిన తొకుగవా ఇయెయసు, ఓడిన ఇషిదా మిత్సునారి సీమను తన సేనాని ఇయి నవోమసకు ఇచ్చాడు. శత్రువు కాపురమున్న సవాయమ కోట ఇయి వంశానికి నచ్చలేదు. పక్క గుట్ట మీద కొత్తది మొదలెట్టారు. కొత్తదని మాటవరసకే. సవాయమ రాళ్లు మోసుకొచ్చారు. మూడంతస్తుల ప్రధాన బురుజు ఒట్సు కోట నుంచి విప్పి తెచ్చిందంటారు, తక్కెడలా ఉండే ముందు బురుజు నగహమ నుంచి తెచ్చిందంటారు. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత అక్కడిదాకా పోలేదు కాబోలు. 1622కి పని పూర్తయింది.

లోపలికెళ్తే మెట్లనబడే నిచ్చెనలు. గోడల్లో తుపాకులకూ బాణాలకూ మూడు మూలల, నాలుగు మూలల కంతలు. బయటి నుంచి చూస్తే ఒక్కటీ కనబడదు, సున్నం పూసి మూసేశారు. శత్రువొచ్చిన రోజు పగలగొట్టుకుని కాల్చాలన్నమాట. ఆ రోజు రానేలేదు. పూత అలాగే ఉంది.

ఎదురుచూపుల్లో డాక్టరేటు మాత్రం ఇయి నవోసుకెకే ఇవ్వాలి. ఆయన హికోనె ప్రభువుకు పధ్నాలుగో కొడుకు. పధ్నాలుగో కొడుక్కి రాజ్యమెక్కడొస్తుంది? మూడొందల బస్తాల బియ్యం భత్యం పడేసి, కందకం అవతల ఓ ఇంట్లో పెట్టారు. ఆ ఇంటికి ఆయనే ‘పూడిపోయిన మాను ఇల్లు’ అని పేరు పెట్టుకున్నాడు. పదిహేడో ఏట చేరి పదిహేనేళ్లు టీ, కవిత్వం, డప్పుతో గడిపాడు. చివరికి వారసుడు పోవడంతో వంతొచ్చింది. 1850లో ప్రభువు, 1858లో దేశాన్నేలే సేనాధిపతి షోగన్ తర్వాత అంతటివాడు. చక్రవర్తి ఒప్పుకోకుండానే అమెరికాతో వాణిజ్య ఒప్పందం చేయించి, కాదన్నవాళ్లను జైళ్లకూ మరణశిక్షలకూ పంపాడు. 1860 మార్చిలో, అప్పట్లో ‘ఎదో’ అనే పేరున్న టోక్యోలో షోగన్ కోట గుమ్మం దగ్గర, మంచు కురుస్తుండగా, ఎక్కువమంది మితొ అనే సీమ సమురాయిలే ఉన్న ముఠా ఆయన తల నరికింది. కాపలావాళ్ల కత్తులు మంచుకు తడవకుండా గుడ్డ తొడుగుల్లో భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వ ఆస్తిని అంత జాగ్రత్తగా చూసుకునే సిబ్బంది ఈ రోజుల్లో దొరకరు.

మితొ, హికోనె ఊళ్లు 1968లో చేతులు కలిపాయి. నూట ఎనిమిదేళ్లు. తొందరేముంది?

యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కూడా అంతే. 1992లో హిమేజీ కోటతో పాటు వరసలో నిలబడ్డారు. హిమేజీ మరుసటేడే లోపలికెళ్లిపోయింది. హికోనె ఇప్పటికీ అక్కడే నిలబడుంది.

టైముకొచ్చేది ఒక్కరే. కోట ప్రధాన బురుజుకు నాలుగొందల ఏళ్లని 2007లో చేసిన పండగ కోసం పుట్టిన హికోన్యాన్ అనే తెల్ల పిల్లి వేషం, ఊరి ప్రచార బొమ్మ. తలమీద కొమ్ముల ఎర్ర శిరస్త్రాణం, అది ఇయి సైన్యం తొడుక్కున్న ఎర్ర కవచాల గుర్తు. ఒక ఇయి ప్రభువును పిల్లి చెయ్యూపి గుడిలోకి పిలిచి పిడుగు నుంచి కాపాడిందన్న కథ దాని వంశావళి. 2010లో ఊళ్ల బొమ్మలకు పెట్టిన దేశవ్యాప్త పోటీలో మొదటి స్థానం కొట్టింది. రోజూ చెప్పిన వేళకు కోటకొచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా చెయ్యూపి వెళ్తుంది. హామీల్లేవు, ప్రసంగాల్లేవు.

దాని మెడలో గంట కూడా ఉంది. కట్టేదెవరని మనం తరతరాలుగా ఇంకా సభలు పెడుతూనే ఉన్నాం.