85 శాతం మూటలో ఏముంది?

కంచరపాలెంలో ఉండే మా చెల్లెలు పోయిన నెల ఒక రాత్రి నాకొక కరపత్రం ఫొటో పంపింది. ద్వారకానగర్‌లో ఒక శిక్షణ కేంద్రం వాళ్లది. చెల్లెలి కొడుకు మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఆరు నెలలైంది, ఇంకా ఖాళీ. ఫొటో కింద చెల్లెలి మెసేజి: "అన్నయ్యా, నెల్రోజులకి 18 వేలంట. కట్టీమంటావేటి?"

కరపత్రం మీద టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతున్నాడు. పక్కన పెద్దక్షరాల్లో: "ఉద్యోగంలో విజయానికి 85 శాతం కారణం సాఫ్ట్ స్కిల్స్! సబ్జెక్టు 15 శాతమే! హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ పరిశోధన." ఈ ముక్క మీకూ కొత్త కాదు. వాట్సాప్‌లో తిరుగుతుంది, కాలేజీల్లో ప్లేస్‌మెంట్ వాళ్ల స్లైడ్ల మీద కనబడుతుంది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనైతే శుభోదయం పూలగుత్తి వెనకాలే వస్తుంది.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వెల్డింగ్ జాయింట్లు తనిఖీ చేస్తాను. 22 ఏళ్లయింది. ఎవరైనా ఒక అంకె చెబితే అది ఏ గేజి పెట్టి కొలిచారని అడగడం అలవాటైపోయింది. ఇంట్లోవాళ్లకి ఇది మహా చిరాకు. ఈ 85ని కూడా అలాగే పట్టుకుని వెనక్కి నడిచాను.

ముందు ఆ మూడు పేర్ల సంగతి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ మధ్యలో ఎక్కిన ప్రయాణికులు. అసలు బండి 1918లో బయల్దేరింది. ఇంజనీరింగ్ చదువు ఎలా ఉండాలన్న విషయం మీద చార్లెస్ మన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ రాసిన నివేదికను ఆ ఏడాది అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ అచ్చువేసింది. అప్పటికి విశాఖలో పోర్టు లేదు, 1933లో తెరిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమూ లేదు, అది 1926లో వచ్చింది. షిప్‌యార్డు సంగతి సరేసరి. అంతెందుకు, సాఫ్ట్ స్కిల్స్ అనే మాటే అప్పటికి లేదు. యంత్రంతో పెద్దగా పనిపడని నైపుణ్యాలకి ఒక పేరు కావాలని అమెరికా సైన్యంలో శిక్షణ విభాగం వాళ్లు 1970ల మొదట్లో ఆ మాటని వాడుకలోకి తెచ్చారు. ట్యాంకు నడపడం హార్డు, దళాన్ని నడపడం సాఫ్టు అన్నట్టు.

మరి మన్ చేసిందేమిటి? ఆరు గుణాలు రాసి ఇంజనీర్లకి పంపాడు. ఇంజనీరు రాణించడానికి వీటిలో ఏది ముఖ్యమో వరుస పెట్టమన్నాడు. ఏడు వేల మందికి పైగా జవాబిచ్చారు. లెక్క ఇలా తేలింది: వ్యక్తిత్వం 24 శాతం, వివేచన 19.5, కార్యదక్షత 16.5, మనుషుల్ని అర్థం చేసుకోవడం 15, ఇంజనీరింగ్ మూలసూత్రాల జ్ఞానం 15, పని చేసే టెక్నిక్ 10.

ఈ వరుసని ఇంకోసారి చదవండి. జ్ఞానానికి 15 పడితే మనుషుల్ని అర్థం చేసుకునే నేర్పుకీ సరిగ్గా ఆ 15 మాత్రమే పడింది! జ్ఞానాన్ని ఒక్కదాన్నే విడదీసి మిగతా అయిదింటినీ ఒక మూటగా కడితే 85 వస్తుంది, నిజమే. కానీ మూట విప్పితే టెక్నిక్‌కి పడిన 10 కూడా అందులోనే ఉంటుంది. అంటే చేతిపనిని కూడా సాఫ్ట్ స్కిల్ కింద జమ వేసుకోవాలి. పోనీ వ్యక్తిత్వం అంటే? ఆ మాట పక్కన మన్ రాసినవి నిజాయితీ, బాధ్యత, చొరవ లాంటివి. కార్యదక్షత పక్కన రాసినవి క్షుణ్ణంగా చేయడం, కచ్చితత్వం, కష్టపడే తత్వం. చెయ్యి ఎంత గట్టిగా కలపాలో, టై ముడి ఎక్కడికి రావాలో ఏ గడిలోనూ లేదు. మా షెడ్డులో కచ్చితత్వం అంటే పనితనమే. రాడ్లని ఓవెన్‌లో ఆరబెట్టకుండా చెమ్మతోనే వాడేసే వెల్డరుకి ఒళ్లు వంగదంటాం, పని మీద భయం లేదంటాం. సాఫ్ట్ స్కిల్స్ లేవని ఇప్పటిదాకా ఎవరూ అనగా వినలేదు.

85, 15 అని జతకట్టి ఊరూరా చాటినవాడు డేల్ కార్నెగీ. 1936లో వచ్చిన 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్'లో, ఇంజనీరింగ్ లాంటి రంగంలో కూడా ఆర్థిక విజయంలో సుమారు 15 శాతమే సాంకేతిక జ్ఞానానిదనీ, సుమారు 85 శాతం మనుషులతో నెగ్గుకొచ్చే నేర్పుదనీ ఫౌండేషన్ పేరు చెప్పి రాశాడు. అలాంటి నేర్పు చెప్పే తరగతులు నడపడమే ఆయన వృత్తి. ఫౌండేషన్ పెట్టిన ఆండ్రూ కార్నెగీకీ ఈయనకీ చుట్టరికం ఏమీ లేదు. పుట్టినప్పుడు ఈయన ఇంటిపేరు స్పెల్లింగే వేరు, తర్వాత మార్చుకున్నాడు. ఆయన రాసిన 'సుమారు', 'ఆర్థిక' అన్న రెండు మాటలూ ద్వారకానగర్ చేరేసరికి ఎక్కడో జారిపోయాయి.

ఇక రెండో ముక్క, "సబ్జెక్టు 15 శాతమే". పై లెక్కంతా అభిప్రాయాల లెక్క. ఏ ఇంజనీరు పనినీ, జీతాన్నీ ఎవరూ కొలవలేదు. జవాబు రాసినవాళ్లంతా అప్పటికే చదువు గట్టెక్కిన ఇంజనీర్లు. పెళ్లి భోజనం చేసొచ్చినవాణ్ణి ఎలా ఉందిరా అని అడిగితే గుత్తొంకాయ గురించి చెబుతాడు, ఆవకాయ గురించి చెబుతాడు. అన్నం మాట ఎత్తడు. అందుకని విస్తట్లో అన్నం 15 శాతమేనని ఎవరైనా లెక్కగడతారా?

మా దగ్గర పైపు వెల్డర్లకి 6జి అని ఒక పరీక్ష ఉంది. పైపుని 45 డిగ్రీలు వాల్చి బిగించేస్తారు. పైపు తిరగదు, మనిషే దాని చుట్టూ తిరిగి, వంగి, ఒక్కోచోట మెడ వెనక్కి వాల్చి వెల్డు చెయ్యాలి. అన్నిటికన్నా అడుగు పొర రూటు, దాని మీద హాట్ పాస్, ఫిల్లింగ్, పైన క్యాపింగ్. తర్వాత ఎక్స్‌రే. ఆ ఫిల్ముని వెలుతురు పెట్టె మీద పరిచినప్పుడు వెల్డరు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో, నమస్కారం పెడతాడో పెట్టడో నాకు కనబడదు. రూటులో నల్లటి గీత ఉందా లేదా, అంతవరకే. గీత ఉంటే ఎంత మర్యాదస్తుడిదైనా ఆ జాయింటు కోసేసి మళ్లీ చెయ్యాలి. అలాంటి జాయింట్ల మీద నడిచే లైన్లు పరవాడ ఫార్మా కంపెనీల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఫిల్ము దగ్గర ఆగిపోయినవాడికి మిగతా 85తో పనే పడదు.

కరపత్రం వెనకవైపు ఇంకో అంకె ఉంది: "మనం చెప్పేదాంట్లో మాటల ప్రభావం 7 శాతమే, స్వరం 38, బాడీ లాంగ్వేజ్ 55." దీనికి ఎక్కువ సేపు అక్కర్లేదు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది ఇది. ఒక్కో మాటని రకరకాల గొంతులతో, రకరకాల ముఖాలతో కలిపి, చెప్పేవాడికి ఎదుటివాళ్ల మీద ఇష్టం ఉన్నట్టా లేనట్టా అని అడిగారు. అంతే దాని పరిధి. ఇష్టాయిష్టాలు చెప్పే సందర్భం దాటితే ఈ లెక్క పనికిరాదని మెహ్రాబియనే చెప్పాడు. నిజంగా మాటలు 7 శాతమే అయితే మనం తమిళ వార్తలు చూసి 93 శాతం అర్థం చేసుకోవాలి.

అసలు గొడవ నాకు మూడోదానితో. సాఫ్ట్ స్కిల్స్ అంటే ఇంగ్లీషు అనే మాట కరపత్రంలో ఇంత సూటిగా ఉండదు. కానీ వాళ్ల 30 రోజుల పట్టిక చూస్తే 19 రోజులు స్పోకెన్ ఇంగ్లీషు, నాలుగు రోజులు గ్రూమింగ్. ఇంగ్లీషు వద్దని నేననను. రుషికొండ మీద ఐటీ కంపెనీలో కూర్చుని అమెరికావాడితో ఫోన్లో మాట్లాడాలంటే అది ఉండి తీరాలి. కానీ ఇంగ్లీషు కూడా ఒక సబ్జెక్టే కదా! వ్యాకరణం ఉంది, పదాలున్నాయి, సాధన చెయ్యాలి, పరీక్ష పెట్టి మార్కులెయ్యొచ్చు. ఆ లెక్కన దాన్ని 15లో పడెయ్యాలి. ఓడరేవుల్లో ఖలాసీలు 'అరియా' అంటే దించడం, 'హబీస్' అంటే ఎత్తడం. ఆ రెండు మాటలూ, రెండు చేతుల సైగలతో టన్నుల బరువు గాల్లో నడుస్తుంది. దానికన్నా గొప్ప కమ్యూనికేషన్ నేనైతే చూళ్లేదు.

కొన్నేళ్ల క్రితం మేము ఒక కంపెనీలో షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు, చేస్తున్నాం. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు, లోపల వెల్డింగ్. పొద్దున్న గ్యాస్ టెస్ట్ చేసి పర్మిట్ మీద సంతకాలు పెట్టేశారు. భోజనాలయ్యాక మళ్లీ దిగాలి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన వెల్డరు ఒకతను, రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. మ్యాన్‌హోల్ దగ్గర కూర్చుని ఆక్సిజన్ కొలిచే మీటరుని తాడుకి కట్టి అడుగుదాకా దించి, పైకి లాగి చూశాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కన్నా తగ్గితే మనిషి దిగకూడదు. మీటరు 18.6 చూపిస్తోంది. వెల్డు కోసం వదిలిన ఆర్గాన్ వాయువు లోపల చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా బరువు కాబట్టి అడుగున కూర్చుంటుంది. లోపలికి గాలి కొట్టే బ్లోయరుని భోజనానికి వెళ్తూ ఎవరో ఆపేశారు.

సూపర్‌వైజరు తొందరలో ఉన్నాడు. "పొద్దున్నే సంతకాలయ్యాయి కదయ్యా, అరగంట పని, దిగు" అన్నాడు.

అతను గొంతు పెంచలేదు. రూల్సు చదవలేదు. లేచి నిలబడి మీటరుని సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు. "మీరోపాలి సూడండి బాబూ. నాను దిగనండి" అన్నాడు. నలుగురిలో ఆయన పరువూ పోలేదు, తన మాటా పోలేదు. ఆయన చూశాడు, ఏమీ అనలేదు, బ్లోయరు వెయ్యమన్నాడు. మీటరు 20.8కి వచ్చాకే అతను నిచ్చెన మీద కాలు పెట్టాడు.

ఇప్పుడు ఆ మధ్యాహ్నాన్ని 85గా, 15గా కోసి చూపించమనండి. మీటరు చదవడం రాకపోతే దిగనన్న మాట వట్టి పిరికితనం కింద పోయేది. మాట పెగలకపోతే ఆ 18.6 అతని జేబులోనే ఉండిపోయేది. మీటరు చేతిలో పెట్టడమన్న ఆలోచన ఎందులోకి వస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు. అతనికి ఇంగ్లీషులో సంతకం కూడా రాదు.

కరపత్రం వాళ్ల వైపు కూడా కొంత నిజం ఉంది. మనుషులతో పని చేసే నేర్పుకి విలువ పెరుగుతోంది, అది కొలిచి చెప్పినవాళ్లూ ఉన్నారు. హార్వర్డ్ పేరే కావాలంటే అక్కడి ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ 2017లో ప్రచురించిన పరిశోధన చూపించొచ్చు. 1980 నుంచి 2012 దాకా అమెరికా ఉద్యోగాల్లో, నలుగురితో కలిసి చెయ్యాల్సిన పనుల వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగింది. లెక్కలు ఎక్కువ, మనుషులతో పని తక్కువ ఉన్న ఉద్యోగాల వాటా 3.3 పాయింట్లు తగ్గింది. అయితే ఉద్యోగాలూ జీతాలూ బాగా పెరిగింది రెండూ కావలసిన చోట: లెక్కలూ రావాలి, మనుషులతో మెలగడమూ రావాలి. 85, 15 పంపకం ఆయన చెప్పలేదు. బెంగళూరులో దుస్తుల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకి ఇలాంటి శిక్షణే ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి ఉంది. వాళ్ల పని ఉత్పత్తి బాగా పెరిగింది, యజమానికి పెట్టుబడి కన్నా చాలా ఎక్కువే తిరిగొచ్చింది. జీతాలు మాత్రం నామమాత్రంగా కదిలాయి. సాఫ్ట్ స్కిల్స్ వస్తే డబ్బు దానంతటదే వస్తుందనేవాళ్లు ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

ఆ శిక్షణ కూడా పని జరిగే చోటే, నెలల తరబడి నడిచింది. మన కరపత్రంలో మాత్రం "30 రోజుల్లో కొత్త మీరు" అని ఉంది. నంబరుకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు కుర్రాడు. "బాబూ, ఆ 85లో నిజాయితీ, బాధ్యత ఎన్నో రోజు చెబుతారు?" అన్నాను. కాగితాలు తిప్పిన చప్పుడు. "అది లేదు సార్, 22వ రోజు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ఉంది" అన్నాడు. వాడూ జీతగాడే, వాణ్ణని ఏం లాభం.

చెల్లెలికి ఇప్పుడే కట్టొద్దని చెప్పాను. మేనల్లుణ్ణి మా షెడ్డుకి రమ్మన్నాను, సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు రిజిస్టరు రాసే పని అప్పగించాను. మొదటిరోజు రాశాడు: "కంప్రెసర్ ప్రాబ్లమ్." చదివి వాడికే తిరిగిచ్చాను. "ఏ కంప్రెసర్ రా? ఏమైంది? ఎప్పట్నుంచి? ఎవరికి చెప్పావు?" నాలుగో రోజుకి ఇలా వచ్చింది, తెలుగులోనే: "2వ నంబరు కంప్రెసర్. 4 గంటల నుంచి ప్రెజర్ 6 దాటడం లేదు. బెల్టు వదులుగా ఉంది. రాత్రి షిఫ్టు ఫిట్టరుకి చూపించాను."

మూడు వారాలైంది. "మావయ్యా, ఇందులో నేర్చుకోడానికేటుంది?" అని రోజూ అంటాడు. శనివారాలు మాత్రం ఎవరికి చెప్పాడో రాయడం ఇంకా మర్చిపోతున్నాడు. ఆ 18 వేలు చెల్లెలి దగ్గరే ఉన్నాయి. 6జి ప్రాక్టీసుకి పైపు ముక్కలు, రాడ్లు కొనాలంటే ఎంతవుద్దని నిన్న ఫోన్ చేసి అడిగింది.