విషమించడంలో విషం లేదప్పా!

కడప, కర్నూలు వాట్సప్ గ్రూపుల్లో యాడ చూసినా ఇదే మెసేజ్: "‘ఆరోగ్యం విషమించింది’ అనడం తప్పు. దానర్థం ఒంట్లోకి విషం ఎక్కిందని. ‘ముదిరింది’ అనాలి. చిరాకు అంటే చిరు ఆకు, దురదగొండి. పదిమందికి పంపండి." పంపుతున్నోళ్లలో తెలుగు అయ్యవార్లూ ఉన్నారు!

అందులో ఉన్నది విషం కాదు, విషమం. సమం కానిది విషమం. వి పక్కన చేరిన స, ష అయింది. సేధం నిషేధమైనట్టు, సుప్తి సుషుప్తి అయినట్టు. ఇంచు చేరితే చివరి ‘ము’ పోతుంది: శోకము శోకించు, ద్వేషము ద్వేషించు, విషమము విషమించు. విషము నుంచే వచ్చుంటే ‘విషించు’ కావాల. ఆ మాట ఎవరి నోట విన్నారు? నాలుగు పాదాలూ నాలుగు తీర్ల నడిచే పద్యం విషమవృత్తం, చదివి చచ్చినోళ్లు లేరు. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ‘విషమే సముపస్థితమ్’ అంటాడు, అంటే కష్టకాలంలో వచ్చిపడిందని. అర్జునుడికి రథం మీద ఎవరు మందు పెట్టినారప్పా?

నవ్వి వదిలేద్దామంటే, ఐసీయూ బయట నిలబడిన మనిషికి డాక్టరు "విషమించింది" అంటాడు. ఈ మెసేజ్ తలకెక్కించుకున్నోడు ముందు డాక్టరు కాలరు పట్టుకుంటాడు, తర్వాత అన్నం పెట్టినోళ్లను అనుమానిస్తాడు. పదిమందికి పంపండి మరి!

‘ముదిరింది’ మంచి మాటే, దాని చోట అది. జబ్బు ముదురుతుంది, తగాదా ముదురుతుంది, సెనక్కాయ చేలో తిక్క తెగులు ముదురుతుంది. మందు వికటిస్తుంది. ఆరోగ్యం, పరిస్థితి విషమిస్తాయి. ‘ఆరోగ్యం ముదిరింది’ అంటే బెండకాయ గుర్తొస్తుంది. ‘రోగి విషమించాడు’ అనేదీ తప్పే. విషమించేది ఆయన స్థితి, ఆయన కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాల. ఫోన్లో గబగబా చెబితే ‘విషమించింది’ కాస్తా ‘విషమిచ్చింది’ అని వినబడుతుంది. పక్కన కోడలు కూడా ఉంటే ఇంక చెప్పేదేముంది! ఫోన్లో ‘సీరియస్‌గా ఉంది’ అనడమే మేలు. అది ఇంగ్లీషయినా సరే.

చిరు ఆకు సంగతంటారా? అదే నిజమైతే ఉగాదికి మామిడి చిగురాకు గుమ్మానికి కట్టిన ప్రతి ఇల్లూ సాయంత్రం దాకా గోక్కుంటూ కూర్చోవాల.